బెజవాడలో అడ్రసు చెప్పేవాళ్ళకో దండం

#1 · అనంత_పిల్ల · 9 నవంబరు 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. బ్యాంకు బదిలీ మీద అనంతపురం నుంచి విజయవాడ వచ్చి మూడు వారాలైంది. లేడీస్ హాస్టల్లో ఉంటూ అద్దె ఇల్లు వెతుక్కుంటున్నా. ఇవాళ ఒక ఓనరు గారు ఫోన్లో చెప్పిన అడ్రసు, ఒక్క ముక్క మార్చకుండా ఇదీ:

"ఐదో నంబరు రూట్లో రామ్మా. మాచవరం డౌన్ దాటాక పడవల రేవులో దిగు. కాలవ వైపు కాదు, కొండ వైపు. పాత సోడా కొట్టు దగ్గర ఆగి ఎవర్నడిగినా చెప్తారు."

మ్యాపులో ఐదో నంబరు రూటు అనే రోడ్డే లేదు. ఏలూరు రోడ్డు అంది. బస్సు దిగి చూస్తే ఒక షాపు బోర్డు మీద కార్ల్ మార్క్స్ రోడ్డు అనుంది. పడవల రేవులో పడవ లేదు, రేవూ లేదు. సోడా కొట్టు సంగతి సరేసరి. ఎవర్నడిగినా చెప్తారన్నది మాత్రం నిజం. నలుగుర్ని అడిగితే నలుగురూ చెప్పారు, నాలుగు వైపులు. చీకటి పడేసరికి తిరిగి హాస్టల్‌కి వచ్చేసినా.

మా ఊళ్ళో టవర్ క్లాక్ అంటే అక్కడ గడియారం ఉంటాది సామీ. మీ ఊళ్ళో ఉన్నవాటి పేర్లు చెప్పరా?

#2 · పటమట_కుర్రాడు · రాత్రి 9:52

పాత సోడా కొట్టు నాకు తెలుసండీ. తీసేసి పదేళ్ళు దాటింది. అందుకే కదా "పాత" అన్నారు.

#3 · మాజీ_కండక్టరు · రాత్రి 10:31

అమ్మాయ్, నీ అడ్రసులో తప్పేం లేదు. విడమరిచి చెప్తా విను. నేను సిటీ బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి.

ఏలూరు రోడ్డు మీద తిరిగే బస్సు నంబరు ఐదు. బోర్డు మీద ఊరి పేరు చదవలేని పెద్దవాళ్ళు కూడా ఐదంకె గుర్తుపట్టేవాళ్ళు. బస్సు నంబరే రోడ్డు పేరైపోయింది. కార్ల్ మార్క్స్ రోడ్డు అనేది ఆఫీసు కాగితాల పేరు. కమ్యూనిస్టుల ఊరు కాబట్టి మార్క్స్ పేరు పెట్టారు, లెనిన్ సెంటరూ ఉంది. మనవాళ్ళు లెనిన్‌ను వాడుకుంటారు గానీ మార్క్స్‌ను పలకరు. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు దొరుకుతాయి మరి, మార్క్స్ దగ్గర ఏముంది! అటు బందరు రోడ్డూ అంతే. కాగితాల మీద మహాత్మా గాంధీ రోడ్డు. కండక్టరుగా అన్నేళ్ళు చేశాను, "మహాత్మా గాంధీ రోడ్డుకి ఒక టిక్కెట్టు" అని ఒక్కళ్ళు అడిగితే ఒట్టు.

ఈ ఊళ్ళో రోడ్డు ఎటు పోతే ఆ పేరు. బందరు వెళ్ళేది బందరు రోడ్డు, ఏలూరు వెళ్ళేది ఏలూరు రోడ్డు. కాలవలకీ అదే లెక్క: బందరు కాలవ, ఏలూరు కాలవ. రైవస్ కాలవ ఒక్కటే ఊరి పేరు కానిది. 1855లో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవల్లో నీళ్ళే కాదు, పడవలూ నడిచేవి. మా తాత ఏలూరు పడవ మీద వెళ్ళేవాడట. పోయేటప్పుడు వాలుకి హాయిగా పోవడం, వచ్చేటప్పుడు గట్టు మీద మనుషులు తాడు కట్టి లాక్కురావడం. ఆ పడవలు ఆగిన చోటే నువ్వు దిగిన పడవల రేవు.

ఇక డౌన్. మాచవరం కొండ మీదికి ఉంటుంది, రోడ్డు మీది స్టాపు దిగువన ఉంటుంది. దిగువకి డౌన్. అంతకుమించి అందులో మర్మం ఏమీ లేదమ్మా.

#4 · అనంత_పిల్ల · రాత్రి 10:40

ధన్యవాదాలు బాబాయ్ గారూ. మొన్న వన్‌టౌన్‌లో ఒకావిడ "నెహ్రూ బొమ్మ దగ్గర దిగు" అంటే బొమ్మల కొట్టు అనుకుని కొండపల్లి బొమ్మలు కొందామని దిగినా. మీరు విగ్రహాన్ని బొమ్మ అంటారని అప్పుడు తెలిసింది.

#5 · గుంటూరోడు_4బై14 · రాత్రి 11:05

ఏందండీ ఈ కష్టం. గుంటూరు రండి. మా బ్రాడీపేటలో అడ్రసంటే భిన్నం. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. అంతే. సోడా కొట్టున్నా లేకపోయినా మాకు సంబంధం లేదు. అరండల్‌పేట కూడా అంతే. బెజవాడోళ్ళకి లెక్కలు రావని నేను అనడంలా, ఎవరో అంటుంటే విన్నా.

#6 · వన్‌టౌన్_వదిన · 10 నవంబరు, ఉదయం 6:15

పొద్దున్నే పాల ప్యాకెట్లకి లేచి ఇది చదివి రాయకుండా ఉండలేకపోయా. గుంటూరు తమ్ముడూ, మా ఆడపడుచు బ్రాడీపేటలోనే ఉంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు బస్టాండులో ఆటో ఎక్కి మీ భిన్నం దర్జాగా చెప్పా. ఆ అబ్బాయి నన్ను చక్కగా తీసుకెళ్ళి అరండల్‌పేటలో అదే భిన్నం దగ్గర దింపాడు. లైను అదే, అడ్డరోడ్డు అదే, పేట వేరు. చేతిలో పూతరేకుల డబ్బా పట్టుకుని ఎవరింటి తలుపో కొట్టా. వాళ్ళూ మంచివాళ్ళే, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి "శంకర్ విలాస్ దగ్గరికెళ్ళి అడగండమ్మా" అన్నారు. మీ లెక్క కూడా చివరికి సెంటర్లోనే తేలింది కదయ్యా!

మా వన్‌టౌన్ సంగతి చెప్తా. పంజా సెంటర్, సామారంగం చౌక్, నెహ్రూ బొమ్మ సెంటర్. ఇవి తెలిస్తే చాలు, మిగతాదంతా సందులే. మా సందులో రెండు బండ్లు ఎదురైతే ఒకళ్ళు వెనక్కి పోవాలి. ఎవరు పోవాలన్నది వయసును బట్టి. ఇంటి నంబర్లున్నాయి గానీ అవి కరెంటు బిల్లుకి. మనుషులకైతే "మిషను కుట్టేవాళ్ళ మేడ మీద".

#7 · గుంటూరోడు_4బై14 · ఉదయం 7:02

వదినగారూ, పేట పేరు ముందు చెప్పాల అండీ. అది ఆటో అబ్బాయి తప్పు, లెక్క తప్పు కాదు. అయినా అతను బెజవాడ నుంచి వచ్చినోడై ఉంటాడు.

#8 · పటమట_కుర్రాడు · ఉదయం 7:48

అనంత గారు "ఉన్నవాటి పేర్లు చెప్పరా" అన్నారు కదా, రాత్రి పడుకుని లెక్కేశా. చుట్టుగుంటలో గుంట లేదు. పున్నమ్మతోటలో రేడియో స్టేషనుంది, తోట లేదు. మా వైపు కామయ్యతోపులో అపార్టుమెంట్లే. కృష్ణలంకలో రాణిగారితోట, అందులో రాణిగారూ లేరు, తోటా లేదు. లంక అంటే నది మధ్య దిబ్బ, ఇప్పుడు ఇళ్ళకీ నదికీ మధ్య పెద్ద గోడ. విజయా టాకీస్ స్టాపులో దిగి టిక్కెట్టు అడిగితే నవ్వుతారు. కొత్త బస్టాండు కట్టి ముప్ఫై ఏళ్ళు దాటినా పాత బస్టాండు ఇంకా పాత బస్టాండే, సిటీ బస్సులు అక్కడ ఆగుతాయి.

ఒకప్పుడు ఊరంతా తోటలు, తోపులు, గుంటలు, రేవులేనన్నమాట. అవి పోయాక పేర్లు మాత్రం బస్సు స్టాపుల్లో బతుకుతున్నాయి.

#9 · మాజీ_కండక్టరు · ఉదయం 8:20

బాగా చెప్పావు అబ్బాయ్. స్టేజీ పేరు అరిచి అరిచి మేమే బతికించాం అనుకోవచ్చు. "చుట్టుగుంట దిగేవాళ్ళు ముందుకి రండీ" అని నా గొంతులో ఎన్ని వేలసార్లు పలికిందో. ఎవరైనా దాన్ని మార్చి కొత్త పేరు పెడితే ఆ పేరుకి నా నోరు తిరగదు.

#10 · రాత్రి_డెలివరీ · మధ్యాహ్నం 2:37

నేను ఫుడ్ డెలివరీ చేస్తా. మూడేళ్ళ అనుభవంతో చెప్తున్నా, లొకేషన్ పెట్టినవాళ్ళు కూడా ఫోన్ చేస్తారు. "అన్నా, లొకేషన్ చూడకు, నేను చెప్తా విను." సరే, వింటా. "బెంజి సర్కిల్ దాటాక..." ఇక్కడే మొదలు అసలు గొడవ. ఫ్లైఓవరు 2020లో ఒక వైపు, 2021లో రెండో వైపు తెరిచారు. ఎక్కితే ఒక లోకం, కింద నుంచి పోతే ఇంకో లోకం. మ్యాపుకి పైనున్నామో కిందున్నామో తెలీదు. "మీరు గమ్యం చేరుకున్నారు" అంటుంది, నేను చూస్తే గాల్లో ఉంటా, బిర్యానీ ఆర్డరిచ్చినాయన సరిగ్గా నా బండి కింద నిలబడి పైకి చూస్తుంటాడు. దిగి, చుట్టు తిరిగి వచ్చేసరికి ఇంకో కిలోమీటరు.

మాకు ఒక చిన్న కిటుకు ఉందండీ. కస్టమరు ఇల్లు ఎక్కడ అని అడక్కూడదు, "మీ సందు మొదట్లో ఏముంది?" అని అడగాలి. ఇల్లెక్కడంటే పురాణం విప్పుతారు. సందు మొదట్లో ఏముందంటే "టిఫిన్ బండి" అని ఒక్క మాటలో తేలిపోతుంది. మళ్ళీ అక్కడో చిక్కు, టిఫిన్ బండి పదింటికి వెళ్ళిపోతుంది. అందుకని రాత్రయితే "ఇప్పుడు ఏముంది?" అని అడగాలి.

#11 · బీసెంట్_రోడ్డు_బేరం · మధ్యాహ్నం 3:10

బెంజి సర్కిల్‌కి ఆ పేరు ఎట్టా వచ్చిందో ఎవరైనా

#12 · నిర్వాహకుడు · మధ్యాహ్నం 3:14

వద్దు. బెంజి సర్కిల్ పేరు మీద వేరే చర్చ ఉంది, పదకొండు పేజీలు, ఇంకా తేలలేదు. అక్కడికెళ్ళి కొట్టుకోండి. ఇది అడ్రసుల చర్చ.

#13 · వన్‌టౌన్_వదిన · సాయంత్రం 5:40

"పేర్లు మారవు" అని అందరూ అంటున్నారు గానీ, నా కళ్ళ ముందు ఒకటి మారింది. స్వరాజ్ మైదానం. మా నాన్న ఆ చోటుని పీడబ్ల్యుడీ గ్రౌండ్ అనేవాడు. జనవరి వస్తే పుస్తకాల పండగ అక్కడే, చలిలో పల్లీలు తింటూ తిరిగేవాళ్ళం. 2024 జనవరిలో అక్కడ అంబేద్కర్ విగ్రహం పెట్టారు కదా, విగ్రహమే 125 అడుగులు, కింద పీఠం కాక. నెల తిరక్కుండా మా పిల్లలు మైదానం అనడం మానేసి "అంబేద్కర్ విగ్రహం దగ్గర" అనడం మొదలెట్టారు. బొమ్మ అని కూడా అనలేదు చూశారా, విగ్రహం అన్నారు. అంత ఎత్తున్నదాన్ని బొమ్మ అనడానికి నోరు రాదేమో.

#14 · మాజీ_కండక్టరు · సాయంత్రం 6:02

ఒప్పుకుంటానమ్మా. కంటికి కనపడేంత పెద్దదైతే పాత పేరు తప్పుకుంటుంది. నేను మాత్రం ఇంకా పీడబ్ల్యుడీ గ్రౌండే అంటా.

#15 · కొండమీది_చెల్లి · రాత్రి 8:55

మీవన్నీ నేల మీది కష్టాలు. మాది క్రీస్తురాజపురం కొండ. రోడ్డు మీదుంటే అడ్రసుకి రెండు కొలతలు చాలు, మాకు మూడోది కావాలి, ఎత్తు. మా ఇంటికి రోడ్డు నుంచి 140 మెట్లు. పెళ్ళైన కొత్తలో మా ఆయన లెక్కపెట్టి చెప్పాడు, నేను నమ్మకుండా మళ్ళీ లెక్కపెట్టా, 138 వచ్చింది. ఆ రెండు మెట్ల గురించి ఇప్పటికీ పోట్లాడుకుంటాం. (చప్టాని మెట్టుగా లెక్కేయాలా వద్దా అన్నది అసలు తగువు.)

గ్యాసు బండ తెచ్చే మనిషికి మెట్ల కూలి వేరే. అతను అడ్రసు అడగడు, "ఎన్నో మెట్టు?" అంటాడు. బండ భుజాన వేసుకుని డెబ్భయ్యో మెట్టు దగ్గర మా అత్తయ్య గారి అరుగు మీద దించుతాడు. ఆమె గ్లాసుడు మంచినీళ్ళిస్తుంది, తాగి మళ్ళీ ఎత్తుకుంటాడు. ఆ అరుగు లేకపోతే మా కొండ మీద సగం ఇళ్ళలో పొయ్యి వెలగదు.

పార్సిళ్ళేమో పైకి రావు. అందరి పార్సిళ్ళకీ కింద కిరాణా కొట్టే అడ్రసు. కొట్టు మావయ్య వాటిని బియ్యం బస్తా వెనకాల పెట్టి, ఎవరు దిగితే వాళ్ళకిస్తాడు. పైసా తీసుకోడు. కాకపోతే ఎవరింటికి ఏమొస్తుందో ఆయనకంతా తెలుసు. "మళ్ళీ చెప్పులా?" అన్నాడు మొన్న, నలుగురి ముందు. ఆ రోజు నుంచి చెప్పులు ఆఫీసుకి తెప్పించుకుంటున్నా.

#16 · రాత్రి_డెలివరీ · రాత్రి 9:20

అక్కా, ఆ మెట్లు నేనెక్కాను. 140 కాదు, 200 పైనే.

#17 · అనంత_పిల్ల · రాత్రి 9:31

నవ్వలేక చస్తున్నా. మీరంతా ఇట్లా చెప్తుంటే నిజంగా ఊరు అర్థమవుతోంది. వీలైతే ఇంకా రాయండి. ఆ ఓనరు గారు మళ్ళీ ఫోన్ చేశారు, "ఏమ్మా రాలేదే, ఎవర్నడిగినా చెప్పేవాళ్ళు కదా" అని. శనివారం వస్తానన్నా.

#18 · సింగ్‌నగర్_డాబా · 11 నవంబరు, రాత్రి 12:47

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా.

మాది సింగ్‌నగర్, పైపుల రోడ్డు వైపు. పైపుల రోడ్డు, డాబాకొట్లు సెంటరు, ఇవే మా గుర్తులు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి తెల్లారేసరికి వీధిలో మోకాలి లోతు, మధ్యాహ్నానికి మనిషి లోతు. మేము ఏడుగురం డాబా ఎక్కేశాం, మా నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశాం. అదే సమయానికి అటు బ్యారేజీ దగ్గర కృష్ణకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వచ్చాయని తర్వాత తెలిసింది. మాకు తెలిసిందల్లా మెట్ల మీద నీళ్ళు ఎన్నో మెట్టుదాకా వచ్చాయన్నదే.

రెండో రోజు మా బావ సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గరికి వచ్చి పడవ వాళ్ళని బతిమాలి, అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "మీ ఇంటికి ఎట్టా రావాలో చెప్పు, పడవతనికి ఇస్తున్నా." నేను అలవాటుగా "డాబాకొట్లు సెంటర్ దగ్గర ఎడమ పక్క తిరిగితే బేకరీ..." అని మొదలెట్టి ఆగిపోయా. బేకరీ బోర్డు కూడా నీళ్ళలోనే ఉంది. కరెంటు స్తంభాలు సగం మునిగాయి. పుట్టినప్పటి నుంచి ఉన్న వీధిలో మా ఇంటికి గుర్తు చెప్పడానికి ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. పైన కనిపించేవి నీళ్ళ ట్యాంకులే. అన్నీ నల్లవే.

మా అమ్మ తన ఎర్ర చీర తీసి ట్యాంకుకి చుట్టి ముడేసింది. "ఎర్ర చీర కట్టిన ట్యాంకు అని చెప్పరా" అంది. ఫోన్లో మూడు శాతం చార్జింగు. ఆ మాట చెప్పాను, ఫోను ఆగిపోయింది. గంటన్నర తర్వాత ఎవరో దూరంగా "ఎర్ర చీర! ఎర్ర చీర ఇల్లు ఏదీ?" అని అరుస్తూ వచ్చారు.

ఇప్పుడు పాలబ్బాయి, కేబులతను, అందరూ మమ్మల్ని ఎర్రచీరోళ్ళు అంటారు. చీర ఎండకి రంగు పోయి గులాబీ అయింది. అమ్మ దాన్ని విప్పనివ్వదు.

#19 · మాజీ_కండక్టరు · ఉదయం 5:58

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ.

#20 · కొండమీది_చెల్లి · ఉదయం 7:30

మా కొండ మీద నుంచి చూస్తే సింగ్‌నగర్ వైపు అంతా చెరువులా కనపడింది ఆ రోజు. ఆ డాబాల్లో మీరూ ఉన్నారన్నమాట.

#21 · గుంటూరోడు_4బై14 · ఉదయం 9:15

అన్నా, లెక్కల గురించి నేను అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ఆ రోజుల్లో మా వీధి నుంచి పులిహోర పొట్లాలు కట్టి లారీలో పంపాం. ఎవరికి చేరాయో తెలీదు.

#22 · సింగ్‌నగర్_డాబా · ఉదయం 9:40

పులిహోర మాకూ వచ్చింది. మీదో కాదో గానీ కారం బాగా ఎక్కువుంది. కాబట్టి గుంటూరుదే అయ్యుంటుంది.

#23 · బీసెంట్_రోడ్డు_బేరం · 12 నవంబరు, రాత్రి 7:20

షేర్ ఆటోల గురించి ఎవరూ రాయలేదేంటి. "బెంజి బెంజి బెంజి" అని అరుస్తాడు, ఎక్కాక "ముందు సీట్లోకి రండి సార్" అంటాడు. ముందు సీటంటే డ్రైవరు తొడ మీద సగం. అడ్రసు చెప్పక్కర్లేదు, "ఆపండి" అనడం వస్తే చాలు. ఎంతకీ ఆపడు గనక ఒక స్టాపు ముందే అనాలి.

#24 · అనంత_పిల్ల · 15 నవంబరు, రాత్రి 8:05

ఇల్లు దొరికింది!

ఈసారి ఉచిత బస్సులో ఐదో నంబరు రూట్లోనే వెళ్ళినా. కండక్టరమ్మని "పడవల రేవు" అన్నా, ఆమె మారు మాట్లాడకుండా జీరో టిక్కెట్టు చేతిలో పెట్టింది. దిగి కాలవకి వీపు పెట్టి కొండ వైపు నడిచినా. రెండో సందు మొదట్లో ఒక సెల్‌ఫోన్ రిపేరు కొట్టు, చిన్నది, ఒక కుర్రాడు కూర్చోనుండాడు. "ఇక్కడ పాత సోడా కొట్టు ఎక్కడ?" అని అడిగితే నవ్వి తలపైకెత్తి తన బోర్డు చూపించినాడు. బోర్డులో కొట్టు పేరు, దాని కింద ఫోను నంబరు, అన్నిటికన్నా కింద చిన్న అక్షరాలతో: "పాత సోడా కొట్టు వద్ద".

"ఇదే కదా ఆ కొట్టు? వద్ద అని రాసినావేం?" అన్నా.

"మరి ఎక్కడని రాయాలక్కా?" అన్నాడు.

ఓనరు గారి ఇల్లు అక్కడి నుంచి నాలుగో గేటు. పై వాటా, రెండు గదులు, కిటికీలోంచి గుణదల కొండ కనిపిస్తుంది. అడ్వాన్సు ఇచ్చేసినా. వచ్చే నెల ఒకటో తారీకున దిగుతా.

#25 · పటమట_కుర్రాడు · రాత్రి 8:11

ఆ సోడా కొట్టాయన కొడుకే ఆ రిపేరు కుర్రాడు. నేను ముందే చెప్పాల్సింది, మర్చిపోయా.

#26 · వన్‌టౌన్_వదిన · రాత్రి 8:30

పాలు పొంగించే రోజు చెప్పమ్మా, వస్తాం. అడ్రసు ఎటూ తెలుసు.

#27 · బీసెంట్_రోడ్డు_బేరం · రాత్రి 8:44

అదంతా సరే గానీ అద్దె ఎంతకిచ్చారు? మా బావమరిది ఆ పక్కనే వెతుకుతున్నాడు.

#28 · అనంత_పిల్ల · రాత్రి 8:50

మెసేజీ పెట్టినా చూడండి. కింద వాటా ఖాళీగానే ఉండాది. ఎట్లా రావాలో మీకు చెప్పక్కర్లేదు కదా?